అపార్ట్‌మెంట్ ప్లాంట్‌లో కార్బన్ ఫిల్టర్: మీడియా ఎప్పుడు మార్చాలి, ఎలా చూసుకోవాలి

మీరు రాసింది ముందు ఒకసారి కూడగట్టుకుంటాను. హైదరాబాద్‌లో 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. సంప్‌లో జలమండలి నీళ్లు, బోరు నీళ్లు, ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లు కలుస్తాయి. అక్కడి నుంచి శాండ్ ఫిల్టర్, కార్బన్ ఫిల్టర్, సాఫ్ట్‌నర్ దాటి పైన ట్యాంకుకు వెళ్తాయి. ప్లాంట్ గంటకు 5,000 లీటర్లది, కార్బన్ వెసెల్ 24 అంగుళాల వెడల్పు, 72 అంగుళాల ఎత్తు, మీడియా (లోపల నింపే కార్బన్ గింజలు) వేసి మూడేళ్లయింది. కొన్ని రోజులు బ్లీచింగ్ వాసన, కొన్ని రోజులు కుళ్లిన గుడ్డు వాసన. సర్వీస్‌కి వచ్చే అబ్బాయి బ్యాక్‌వాష్ (ఎదురు దిశలో నీళ్లు పంపి కడగడం) చేస్తే చాలు, మార్చక్కర్లేదంటున్నాడు. ఇంకొకాయన ఆరు నెలలకోసారి మార్చాలని కొటేషన్ ఇచ్చాడు. కమిటీలో ఒక పెద్దాయన కార్బన్ తీసి ఎండబెట్టి మళ్లీ వేద్దామంటున్నారు. టీడీఎస్ మాత్రం 900 దగ్గరే ఉంది, అంటే కార్బన్ పని చేయడం లేదా అన్నది మీ అనుమానం.

నీటి శుద్ధి ప్లాంట్ల పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఆ చివరి అనుమానంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అసోసియేషన్ల డబ్బు అనవసరంగా ఖర్చయ్యేది ఎక్కువగా అక్కడే.

టీడీఎస్ మీటర్ చూసి కార్బన్ బాగుందో లేదో చెప్పడం కుదరదు. ఆ మీటర్ కొలిచేది నీళ్లలో కరిగిన లవణాల వల్ల కరెంట్ ఎంత బాగా పారుతోందన్నది. కార్బన్ లవణాలను పట్టుకోదు. కొత్త సంచి విప్పి వేసిన రోజు కూడా 900 లోపలికి వెళ్తే 900 బయటికి వస్తుంది. కాఠిన్యం కూడా అంతే, అది సాఫ్ట్‌నర్ పని. నైట్రేట్ కూడా తగ్గదు. ఫ్లోరైడ్ సంగతి మరీ గట్టిగా చెప్పాలి. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్లు ఎముకలను ఏం చేశాయో మనవాళ్లకు చెప్పనక్కర్లేదు. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు అని తాగునీటికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. దాన్ని తగ్గించడానికి యాక్టివేటెడ్ అల్యూమినా వాడతారు, అది కార్బన్ కాదు, పూర్తిగా వేరే పదార్థం. లేదంటే ఆర్‌ఓ, లేదంటే నాగపూర్‌లోని నీరీ సంస్థ తయారుచేసిన, పటిక, సున్నంతో చేసే నల్గొండ పద్ధతి. మామూలు కార్బన్ వేస్తే ఫ్లోరైడ్ పోతుందని ఎవరైనా చెబితే ఆ కొటేషన్ పక్కన పెట్టేయండి.

మరి కార్బన్ దేనికి? వాసన, రుచి, రంగు, క్లోరిన్, పురుగుమందుల అవశేషాలు, క్లోరిన్ సేంద్రియ పదార్థాలతో కలిసినప్పుడు పుట్టే ట్రైహాలోమీథేన్ల లాంటివి. చెరువు నీళ్లకు కొన్ని నెలల్లో వచ్చే మట్టి వాసన కూడా దీనికి లొంగుతుంది. వెనకటి రోజుల్లో మూడు కుండలు ఒకదాని మీద ఒకటి పెట్టి బొగ్గు, ఇసుక, గులకరాళ్లతో నీళ్లు వడకట్టేవాళ్లు. మురికి నీళ్లు తేరడానికి చిల్లగింజ అరగదీసి కలిపేవాళ్లు. చిల్లగింజ బురదను కిందికి దించుతుంది, వాసన మీద దాని ప్రభావం లేదు. బొగ్గు వాసన కొంత లాగుతుంది. అదే బొగ్గును 800 నుంచి 1,000 డిగ్రీల వేడిలో, గాలి తగలకుండా, ఆవిరి పంపి కాలిస్తే లోపలంతా కంటికి కనిపించని రంధ్రాలు పడతాయి. అలా తయారైన కార్బన్ ఒక్క గ్రాములో లోపలి గోడల విస్తీర్ణం దాదాపు 1,000 చదరపు మీటర్లు ఉంటుంది. తెలంగాణ లెక్కలో పది గుంటలు, ఆంధ్ర లెక్కలో పాతిక సెంట్లు. నీళ్లలోని సేంద్రియ అణువులు ఆ గోడలకు అంటుకుపోతాయి. గోడలు నిండాక కొత్తవాటికి చోటు ఉండదు.

క్లోరిన్ మాత్రం అంటుకుని ఊరుకోదు, కార్బన్‌తో రసాయన చర్య జరిపి క్లోరైడ్‌గా మారి నీళ్లలోనే వెళ్లిపోతుంది. ఈ చర్య త్వరగా జరుగుతుంది. అందుకే ఒకే వెసెల్ క్లోరిన్‌ను రెండు మూడేళ్ల పాటు చక్కగా తీసేస్తూ, పురుగుమందుల విషయంలో మాత్రం ఏడాది లోపే చేతులెత్తేయవచ్చు. ఆరు నెలలకు మార్చాలనేవాళ్లు, మూడేళ్లయినా మార్చక్కర్లేదనేవాళ్లు ఇద్దరూ ఈ తేడా చెప్పరు. దేనికోసం పెట్టారన్నది తేల్చుకోకుండా ఆయుష్షు చెప్పడం కుదరదు.

మీ వెసెల్ లెక్క చూద్దాం. 24 అంగుళాల వెసెల్ అడ్డకోత 0.29 చదరపు మీటర్లు. అందులో మీటరు ఎత్తు కార్బన్ ఉంటే 290 లీటర్లు, బరువు దాదాపు 145 కిలోలు. గంటకు 5,000 లీటర్లు పోతుంటే నీళ్లు ఆ పడకలో, అంటే కార్బన్ పొరలో, గడిపే సమయం మూడున్నర నిమిషాలు. క్లోరిన్‌కు ఇది సరిపోతుంది. సేంద్రియ పదార్థాలు బాగా తగ్గాలంటే పది నిమిషాల దగ్గర కావాలి. అంటే మీ ప్లాంట్ క్లోరిన్, వాసనల కోసం సరిపోతుంది కానీ దాని మీద అంతకంటే భరోసా పెట్టుకోకూడదు. ముందు ఒక్కటి చూడండి, వెసెల్‌లో నిజంగా మీటరు కార్బన్ ఉందా? ఏళ్ల తరబడి బ్యాక్‌వాష్‌లో కొట్టుకుపోయి అడుగున జానెడు మిగిలిన వెసెళ్లు చాలా చూశాను. పై వాల్వ్ విప్పి ఒక పొడవాటి పైపు దించితే తెలిసిపోతుంది.

ఇక బ్యాక్‌వాష్. కింది నుంచి పైకి నీళ్లు పంపి పడకను లేపి, గింజల మధ్య ఇరుక్కున్న మట్టిని బయటికి తోసేయడం దాని పని. నీళ్లు ఒకే దారిన పారిపోకుండా పడకను మళ్లీ సర్దుతుంది కూడా. రంధ్రాల లోపల అంటుకున్నది దీంతో రాదు. కాబట్టి సర్వీస్ అబ్బాయి మాటలో సగమే నిజం. అసలు మీ దగ్గర బ్యాక్‌వాష్ సరిగ్గా జరుగుతోందా అన్నది ఇంకో ప్రశ్న. పడక 20 నుంచి 30 శాతం పైకి లేవాలి. మీ వెసెల్‌కు దానికి గంటకు 8,000 లీటర్ల దాకా కావాలి, మన ఎండాకాలపు వెచ్చటి నీళ్లకు ఇంకాస్త ఎక్కువే. 5,000 లీటర్ల పంపు పెట్టి అదే పంపుతో పావుగంట బ్యాక్‌వాష్ చేస్తే పడక లేవదు. పైపైన కాస్త నల్లనీళ్లు వస్తాయి, అడుగున మట్టి అలాగే గట్టిపడుతుంది. స్టాండ్‌బై పంపు ఉంటే రెండూ కలిపి నడిపించండి. డ్రెయిన్ దగ్గర తెల్ల బకెట్ పెట్టి చూడండి. సన్న నల్లపొడి వస్తే ఫర్వాలేదు, గింజలు వస్తుంటే వేగం తగ్గించాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా పది పదిహేను నిమిషాలు, ఆ తర్వాత రిన్స్‌లో ఐదు నిమిషాలు. వారానికోసారి తప్పకుండా, అంతకంటే ముందే వెసెల్ ముందు, వెనక ఉన్న రెండు ప్రెషర్ గేజ్‌ల మధ్య తేడా మామూలు కంటే అర కిలో పెరిగితే అప్పుడే. ముందు శాండ్ ఫిల్టర్ బ్యాక్‌వాష్ చేసి, ఆ తేట నీళ్లతోనే కార్బన్ కడగాలి. మట్టినీళ్లతో కడిగితే మురికి ఇంకా లోపలికి పోతుంది.

బోరు నీళ్లలో ఇనుము ఉంటే దాని తుప్పు గింజల మీద పూతలా పేరుకుని రంధ్రాల నోళ్లు మూసేస్తుంది. సబ్‌మెర్సిబుల్ పంపు నుంచి ఆయిల్ లీకైనా అంతే. ఇనుమును కార్బన్ కంటే ముందే గాలి పట్టించి, దానికి తగ్గ మీడియాతో తీసేయాలి. ఒకసారి పూత పట్టిన కార్బన్‌ను ఎంత కడిగినా లాభం లేదు.

ఎండబెట్టే ఆలోచన గురించి పెద్దాయనకు చెప్పండి, వారిది ఖర్చు తగ్గించాలన్న మంచి ఉద్దేశమే. కానీ ఎండకు నీళ్లు ఆరుతాయి తప్ప రంధ్రాల్లో ఉన్నది కదలదు. దాన్ని వదిలించాలంటే ఫ్యాక్టరీ కొలిమిలో మళ్లీ 800 డిగ్రీల పైన కాల్చాలి. పెద్ద పరిశ్రమలు టన్నుల లెక్కన అలా చేయిస్తాయి, ప్రతిసారీ కొంత కార్బన్ కాలిపోతుంది కూడా. 145 కిలోలకు అది గిట్టుబాటు కాదు. మరగబెట్టడం, ఉప్పునీళ్లలో నానబెట్టడం కూడా పనికిరావు. ఉప్పుతో బాగయ్యేది సాఫ్ట్‌నర్ రెజిన్.

మార్చాలా వద్దా అన్నది తేల్చే పరీక్ష సులువైనది. క్లోరిన్ టెస్ట్ కిట్ కొనండి. పసుపు రంగు వచ్చే పాత చుక్కల కిట్ కాకుండా గులాబీ రంగు వచ్చే డీపీడీ కిట్ తీసుకోండి, అందులో ఫ్రీ క్లోరిన్ (దేనితోనూ కలవకుండా విడిగా ఉన్నది), టోటల్ క్లోరిన్ (అమ్మోనియా లాంటివాటితో కలిసినదాన్ని కూడా చేర్చి మొత్తం) రెండూ చూపించేది అయితే మంచిది. సంప్‌లో క్లోరిన్ ఉన్న రోజున, ప్లాంట్ అరగంట నడిచాక, కార్బన్ వెసెల్ ముందు ఒక శాంపిల్, తర్వాత ఒక శాంపిల్ పట్టండి. ముందుదానికి గులాబీ రంగు వచ్చి తర్వాతది రంగు లేకుండా ఉంటే కార్బన్ తన పని చేస్తోంది. తర్వాతదానిలోనూ రంగు వస్తే ముందు మంచి బ్యాక్‌వాష్ చేసి మళ్లీ చూడండి. అప్పుడూ వస్తే మార్చే సమయం వచ్చింది. వెసెల్ ముందు శాంపిల్‌లోనే క్లోరిన్ లేకపోతే ఈ పరీక్ష ఏమీ చెప్పదు. ఇది నెలకోసారి చేసి పుస్తకంలో రాసి పెడితే ఇక ఎవరి కొటేషన్ చూసి టెన్షన్ పడాల్సిన పని ఉండదు.

మీ రెండు వాసనలూ వేర్వేరు చోట్ల నుంచి వస్తున్నట్టున్నాయి. బ్లీచింగ్ వాసన ఏ రోజుల్లో వస్తోందో వాచ్‌మన్‌ని అడగండి. సంప్‌లో బ్లీచింగ్ పౌడర్ పిడికెళ్ల లెక్కన వేయడం మన దగ్గర అలవాటు. 10,000 లీటర్ల నీళ్లకు లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ రావాలంటే తాజా పౌడర్ 30 నుంచి 35 గ్రాములు చాలు. దాన్ని బకెట్‌లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే సంప్‌లో పోయాలి. ఇంకో కారణం దీనికంటే తీవ్రమైనది. బోరు నీళ్లలోకి మురుగు దిగుతుంటే అందులోని అమ్మోనియాతో క్లోరిన్ కలిసి క్లోరమైన్లు పుడతాయి. వాటి వాసన ఘాటుగా ఉంటుంది, కార్బన్ వాటిని నిదానంగా తీస్తుంది, మీ మూడున్నర నిమిషాలు చాలకపోవచ్చు. వాసన గట్టిగా ఉండి కిట్‌లో ఫ్రీ క్లోరిన్ తక్కువ, టోటల్ క్లోరిన్ ఎక్కువ చూపిస్తే మీడియా సంగతి తర్వాత, ముందు ఆ బోరు నీళ్లను ల్యాబ్‌లో అమ్మోనియా, నైట్రేట్, కోలిఫామ్ (మురుగు కలిసిందని చూపే బ్యాక్టీరియా) పరీక్షలకు ఇవ్వండి. ఫలితం వచ్చేదాకా ఆ బోరు సంప్‌కు కలపకండి.

కుళ్లిన గుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. వేడినీళ్ల కుళాయిలో మాత్రమే వస్తుంటే అది ప్లాంట్‌ది కాదు, ఆ ఫ్లాట్ గీజర్‌లోని మెగ్నీషియం కడ్డీ దగ్గర పెరిగే బ్యాక్టీరియాది. అన్ని కుళాయిల్లో, అదీ ప్లాంట్ ఒకటి రెండు రోజులు ఆగిన తర్వాత వస్తుంటే కార్బన్ వెసెల్‌ను అనుమానించాలి. క్లోరిన్ తీసేసిన తడి పడక, దాని నిండా సేంద్రియ పదార్థం, పైగా మన వేడి. బ్యాక్టీరియా పెరగడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు. బ్లీచింగ్ పోసి చంపుదామంటే ఆ క్లోరిన్‌ను పై పొర కార్బన్ అక్కడే తినేస్తుంది, కిందిదాకా చేరదు. స్టీల్ వెసెల్ అయితే వేడినీళ్లతో శుభ్రం చేస్తారు, మీది ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్‌గ్లాస్) వెసెల్ అయితే ఆ వేడికి తట్టుకోదు. అంతగా పాడైతే మీడియా మార్చి, ఖాళీ వెసెల్‌ను క్లోరిన్ నీళ్లతో కడగడమే దారి. ఆ తర్వాత ప్లాంట్‌ను ఏ రోజూ పూర్తిగా ఆపకండి, రోజూ కాసేపైనా నడవాలి.

మీరు అడగని విషయం ఒకటుంది, నా దృష్టిలో మిగతా అన్నిటికంటే ఇదే ముఖ్యం. జలమండలి మీ గేటు దాకా క్లోరిన్ ఉన్న నీళ్లు పంపేది దారిలోనూ, మీ ట్యాంకులోనూ క్రిములు పెరగకుండా ఉండటానికి. కనీసం లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలని ప్రమాణం. మీ ప్లాంట్ ఆ క్లోరిన్‌ను మొత్తం తీసేసి, రక్షణ లేని నీళ్లను పైన ట్యాంకులో నిల్వ పెడుతోంది. అక్కడి నుంచి 40 ఫ్లాట్ల పైపుల్లో ఆ నీళ్లు గంటల తరబడి నిలుస్తాయి. కార్బన్ ఎంత బాగా పని చేస్తే ఈ ప్రమాదం అంత పెరుగుతుంది. వీలైతే జలమండలి నీళ్లకు వేరే సంప్, వేరే ట్యాంకు పెట్టి వాటిని కార్బన్ గుండా పంపకండి. తాగే నీళ్లకు ప్రతి వంటింట్లోనూ చిన్న కార్బన్, దాని తర్వాత యూవీ ఉంటే చాలు. వేరు చేయడం కుదరకపోతే సాఫ్ట్‌నర్ తర్వాత చిన్న డోసింగ్ పంపు పెట్టి, చివరి ఫ్లాట్ కుళాయిలో 0.2 నుంచి 0.5 మధ్య క్లోరిన్ ఉండేలా హైపో (సోడియం హైపోక్లోరైట్) ద్రావణం వేయండి. ఈ ఖర్చు మీద కమిటీలో వాదన వస్తుంది, అయినా ఒప్పించండి. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు తాగే నీళ్లు అవి.

కొత్త మీడియా కొనేటప్పుడు కొబ్బరి చిప్పలతో చేసినదే అడగండి. గింజ గట్టిది, బూడిద తక్కువ, బ్యాక్‌వాష్‌లో త్వరగా అరిగిపోదు. మెష్ (గింజ సైజు) 8×30, అయోడిన్ వాల్యూ (ఒక గ్రాము కార్బన్ ఎన్ని మిల్లీగ్రాముల అయోడిన్‌ను పట్టుకుంటుందన్న కొలత) 900కు తగ్గకుండా, 1,000 అయితే ఇంకా మంచిది. తేమ 5 శాతం దాటకూడదు. ఆ బ్యాచ్ టెస్ట్ సర్టిఫికెట్ కావాలని పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయండి, నంబర్ సంచి మీది నంబర్‌తో సరిపోవాలి. మార్కెట్లో మామూలు బొగ్గు కలిపినవి, వాడేసినవి ఆరబెట్టి మళ్లీ సంచుల్లో నింపినవి తిరుగుతుంటాయి. అనుమానం ఉంటే అక్వేరియం షాపులో దొరికే మిథిలీన్ బ్లూ రెండు చుక్కలు రెండు గ్లాసుల నీళ్లలో వేసి, ఒకదానిలో కొత్త కార్బన్, ఇంకోదానిలో ఇస్త్రీ పెట్టె బొగ్గు, రెండూ మెత్తగా నూరి చెంచాడేసి కలపండి. రాత్రంతా ఉంచితే తేడా కనిపించాలి. కనిపించకపోతే సంచులు వెనక్కి పంపండి. ఇది అయోడిన్ పరీక్షకు బదులు కాదు, పచ్చి మోసాన్ని పట్టుకోవడానికి పనికొస్తుంది.

వేసేటప్పుడు అడుగున గులకరాళ్ల పొరలు, స్ట్రెయినర్లు బాగున్నాయో చూసి, మీటరు ఎత్తుకు మించకుండా నింపాలి, పైన పడక లేవడానికి ఖాళీ కావాలి. నింపాక నీళ్లు పట్టి ఒక రోజు నాననివ్వండి. రంధ్రాల్లోని గాలి బయటికి రావడానికి ఆ సమయం పడుతుంది. తొందరపడి అప్పుడే బ్యాక్‌వాష్ చేస్తే గాలితో తేలే గింజలన్నీ డ్రెయిన్‌లోకి పోతాయి. నానాక తేటగా వచ్చేదాకా కడిగి, ఆ తర్వాతే సాఫ్ట్‌నర్‌కు కలపండి. పోసేవాళ్లకు మాస్క్ ఇవ్వండి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఇక మీది చిన్న వెసెల్ కాబట్టి లోపలికి మనిషి దిగే అవసరం రాదు, కానీ ఫ్యాక్టరీల్లో, పెద్ద ప్లాంట్లలో పని చేసేవాళ్లు ఇది చదివితే గుర్తుంచుకోండి: తడి కార్బన్ మూసిన ట్యాంకులోని ఆక్సిజన్‌ను పీల్చేసుకుంటుంది. చూడటానికి ఖాళీగా, వాసన లేకుండా ఉన్న ట్యాంకులోకి దిగిన మనిషి నిమిషాల్లో పడిపోవచ్చు. ఆక్సిజన్ కొలవకుండా, గాలి ఆడించకుండా, పైన ఇంకో మనిషి లేకుండా ఎవరినీ దింపకండి. కింద పడినవాణ్ణి కాపాడదామని వెంటనే దిగిన రెండో మనిషి కూడా పోతాడు.

ఇళ్లలో ఆర్‌ఓ మెంబ్రేన్లు త్వరగా పోతున్నాయని ఒకరిద్దరు అన్నారని రాశారు. ఆర్‌ఓ మెంబ్రేన్‌కు క్లోరిన్ పడదు, మెల్లగా కొరికేస్తుంది. దాని ముందుండే కార్బన్ కార్ట్రిడ్జ్ అయిపోయినా ఎవరికీ తెలియదు, కొన్నాళ్లకు బయటికొచ్చే నీళ్ల టీడీఎస్ పెరుగుతుంది, అప్పటికి మెంబ్రేన్ చెడిపోయి ఉంటుంది. నేను పైన చెప్పిన క్లోరిన్ డోసింగ్ మీరు మొదలుపెడితే అన్ని ఫ్లాట్లకూ ఈ విషయం నోటీసు పెట్టండి, కార్బన్ కార్ట్రిడ్జ్ ఆరు నెలలకోసారి మార్చుకోమని. ఊరెళ్లి వచ్చినప్పుడు మొదటి రెండు మూడు లీటర్లు పారబోసి తాగమనండి.

ఈ వారం ముందు డీపీడీ కిట్ తెప్పించి వెసెల్ ముందు, వెనక రెండు శాంపిళ్లు చూడండి. వెసెల్‌లో కార్బన్ ఎత్తు కొలవండి. బ్యాక్‌వాష్ పంపు మీద రాసి ఉన్న ఫ్లో ఎంతో, మీడియా వేసినప్పటి బిల్లులో అయోడిన్ వాల్యూ ఏమైనా ఉందో కూడా చూసి ఇక్కడే రాయండి. అవి చూస్తే ఆ కొటేషన్‌లో ఏది కావాలో, ఏది కొట్టేయాలో చెప్పగలను.